మణలి మంటా, మా పాత స్కూటరూ

మా స్కూటరును ఏ తేదీన కొన్నానో నాకు ఇప్పటికీ బాగా గుర్తు. 2017 మార్చి 29న ఉగాది భోజనాలు ముగించుకుని కూర్చున్న వేళ, ఏప్రిల్ 1 నుంచి బీఎస్-3 (భారత్ స్టేజ్-3) అనే పాత పొగ ప్రమాణాల వాహనాలను దేశంలో ఎక్కడా అమ్మకూడదని సుప్రీంకోర్టు ఆదేశించినట్టు టీవీలో వార్త వచ్చింది. అప్పటికి కంపెనీల దగ్గరా డీలర్ల దగ్గరా కలిపి అమ్ముడుపోని బీఎస్-3 బండ్లు ఎనిమిది లక్షలకు పైగా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం ద్విచక్ర వాహనాలే. మిగిలిన గడువు రెండు రోజులు. మర్నాటికల్లా చెన్నై షోరూముల ముందు, రేషను దుకాణం ముందు కిరసనాయిలుకు నిలబడ్డట్టు జనం బారులు తీరారు. నేనూ 31వ తేదీ సాయంత్రం మాధవరం దగ్గర ఒక షోరూములో నిలబడ్డాను. రంగు ఎంచుకునే వీలు లేదని, ఉన్నది తీసుకోవాలని అక్కడి గుమాస్తా ముందే చెప్పేశాడు. రాత్రి తొమ్మిదిన్నరకు బిల్లు చేతికొచ్చింది. మామూలు ధర మీద నాకు మిగిలింది పన్నెండు వేల రూపాయలు. గాలి కొంత బాగుపడాలని కోర్టు ఇచ్చిన తీర్పు పుణ్యమా అని, గాలిని ఎక్కువ పాడుచేసే బండిని చవగ్గా కొని నేను సంతోషంగా ఇంటికి తెచ్చుకున్నాను.

ఆ స్కూటరుకు హెడ్‌లైటు స్విచ్ ఉంటుంది. చిన్న విషయమే గానీ, తెలిసినవాళ్లు దాన్ని చూసి బండి వయసు చెప్పేస్తారు. 2017 ఏప్రిల్ తర్వాత తయారైన ద్విచక్ర వాహనాలకు ఇంజను నడుస్తున్నంతసేపూ దీపం వెలిగే ఉండాలన్న నియమం వచ్చింది కాబట్టి వాటికి ఆ స్విచ్ ఉండదు. మా అమ్మాయి తన స్నేహితురాలి బండి నడిపి వచ్చి, మన స్కూటరు లైటు ఆర్పుకోవచ్చు, వాళ్లది ఆర్పుకోలేము అని గొప్పగా చెప్పింది. గొప్పలు చెప్పుకోవలసిన సంగతి కాదని నేను వివరించలేదు.

ఇదంతా ఇప్పుడు తవ్వుకోవడానికి కారణం మా బావ. మా అక్క భర్త ఇరవై ఏళ్లుగా కాలిఫోర్నియాలో ఉంటున్నారు. ఆదివారం ఉదయం మాకు ఫోను చేస్తారు, ఆయనకది శనివారం రాత్రి. కొన్ని నెలలుగా మా మాటలన్నీ తిరిగి తిరిగి పెట్రోలు కార్ల దగ్గరికే వస్తున్నాయి. 2035 తర్వాత తమ రాష్ట్రంలో కేవలం పెట్రోలుతో నడిచే కొత్త కార్లు అమ్మకుండా చేయాలని అక్కడి వాయు నియంత్రణ మండలి 2022లో నిబంధన పెట్టింది. ఇలా సొంత నిబంధన పెట్టుకోవడానికి ఆ రాష్ట్రానికున్న ప్రత్యేక అనుమతిని రద్దు చేస్తూ అమెరికా కాంగ్రెస్ ఆమోదించిన తీర్మానం మీద 2025 జూన్‌లో అధ్యక్షుడు సంతకం చేశారు, రాష్ట్రం కోర్టుకు వెళ్లింది. బావ రద్దు పక్షాన ఉన్నారు. నేను కొనే కారు దేనితో నడవాలో చెప్పడానికి ప్రభుత్వం ఎవరని ఆయన ప్రశ్న. మంచి కరెంటు కారు తక్కువ ధరకు వస్తే నేనే వెళ్లి కొంటాను కదా, ఎవరో నా చెయ్యి పట్టుకుని కొనిపించాలా అంటారు.

బావ మాటలో సగం నిజముందని నేను ఒప్పుకుంటాను, మిగతా సగం దగ్గరే మాకు చెడుతుంది. ఆయన ఉంటున్న రాష్ట్రం చరిత్రే ఆయన వాదానికి అడ్డొస్తుంది. లాస్ ఏంజెలెస్‌లో 1940లలో మంచులాంటి పొగ కమ్మి జనం కళ్లు మండి నీళ్లు కారుతుంటే, కారణం ఫ్యాక్టరీలనీ చెత్త తగలబెట్టడమనీ చాలాకాలం అనుకున్నారు. అనాసపండు రుచికి కారణమైన పదార్థాలేమిటో పరిశోధించిన హాగెన్-స్మిట్ అనే జీవరసాయన శాస్త్రవేత్త, కార్ల నుంచి వెలువడే వాయువుల మీద ఎండ పడి ఆ మంచులాంటి పొగ తయారవుతోందని తేల్చాడు. తేల్చిన తర్వాత కూడా కార్ల కంపెనీలు తమంతట తాము చేసింది తక్కువ. 1970 నాటి చట్టం గడువు పెట్టి మెడ మీద కూర్చున్నాకనే 1975 మోడళ్లకు, పొగలోని విషవాయువులను విరిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్ వచ్చింది. ఈనాడు బావ నడిపే కారు సైలెన్సరులోనూ దాని సంతతి ఉంది. దాన్ని ఆయన ఎంచుకోలేదు, ఎంచుకోలేదన్న బాధా ఆయనకు లేదు. ఆ మాట అంటే బావ నవ్వేసి, అక్కకు ఫోను ఇచ్చేశారు.

నేను ఇంధనాల మీద, బండ్ల మీద నియంత్రణ కావాలనేవాణ్నే. అయితే ఆ పట్టు ఎక్కడ వేయాలన్నదే నా పట్టింపు. మా ఊళ్లో చెరువు కింద పొలాలకు నీళ్లు ఎక్కువ తక్కువలైతే పెద్దలు తూము దగ్గరికి వెళ్లేవారు గానీ, ప్రతి మడి గట్టు మీదా కాపలా కూర్చునేవారు కాదు. మన దేశంలో పెట్రోలు శుద్ధి చేసే కర్మాగారాలు రెండు డజన్లకు కాస్త అటూ ఇటూ. పేరున్న బండ్ల తయారీదారులు కూడా లెక్కపెట్టగలిగినంతమందే. బండ్ల యజమానులు కోట్లలో ఉన్నారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి తూము దగ్గర పెట్టిన నియమాలు చడీచప్పుడు లేకుండా పనిచేశాయి. మడి దగ్గర పెట్టినవి గొడవలుగా, మామూళ్లుగా మారాయి.

సీసం సంగతే తీసుకుందాం. 1995లో దేశంలో మొదటగా సీసం లేని పెట్రోలు వచ్చిన నాలుగు మహానగరాల్లో మద్రాసు ఒకటి. ఆ ఏడే ఈ నగరాల్లో కొత్త కార్లకు క్యాటలిటిక్ కన్వర్టర్ తప్పనిసరి చేశారు. రెండూ ఒకేసారి రావడం కాకతాళీయం కాదు, సీసం తగిలితే ఆ కన్వర్టర్ లోపలి లోహాలు పనికిరాకుండా పోతాయి. అప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. నాన్నతో బంకుకు వెళితే, సీసం లేని పెట్రోలుకు వేరే పంపు, దాని మీద వేరే బోర్డు కనిపించేవి. మాది పాత స్కూటరు కాబట్టి ఆ పంపు మాది కాదని నాన్న చెప్పారు, అదేదో పెద్దింటివాళ్లకు మాత్రమే వడ్డించే పదార్థం అన్నట్టు. 2000 ఫిబ్రవరి నాటికి దేశమంతటా సీసం పెట్రోలు అమ్మకం ఆగిపోయింది. ఆ రెండో పంపు ఎప్పుడు మాయమైందో మాకెవరికీ గుర్తు లేదు. పిల్లల రక్తంలోకి వెళ్లి బుద్ధి ఎదుగుదలను దెబ్బతీసే ఒక విషాన్ని దేశం గాలి నుంచి తీసేశారు, అందుకోసం ఒక్క బండి యజమానీ రోడ్డు మీద ఆగి ఎవరికీ కాగితాలు చూపించలేదు. ప్రపంచంలో చివరగా అల్జీరియా 2021లో ఈ పని పూర్తి చేసింది.

ఇంకా ముచ్చటైన ఉదాహరణ డీజిలు కార్లది. డీజిలు రైతులకు, లారీలకు, బస్సులకు చవగ్గా అందాలని ప్రభుత్వం దాని ధరను చాలాకాలం తొక్కిపెట్టింది. 2010 జూన్‌లో పెట్రోలు ధరను వదిలేసి డీజిలును మాత్రం పట్టుకుని ఉండటంతో రెంటికీ మధ్య తేడా పెరిగిపోయింది. మధ్యతరగతి మనిషి లెక్కల్లో తక్కువవాడా? 2012, 2013 ప్రాంతాల్లో మా బంధువుల్లో కారు కొన్న ప్రతివాడూ డీజిలు కారే కొన్నాడు. రోజుకు పది కిలోమీటర్లు కూడా తిరగని మా మామయ్య కూడా కొన్నారు. రైతు పేరుతో ఇచ్చిన రాయితీ మామయ్య కారు టాంకులోకి వెళ్లింది, ఆ కారు వదిలే సన్నని మసి మా ఊపిరితిత్తుల్లోకి వెళ్లింది. 2014 అక్టోబరులో డీజిలు ధర మీదా పట్టు వదిలారు. 2020 ఏప్రిల్ 1న బీఎస్-4 నుంచి బీఎస్-5ను దాటేసి నేరుగా బీఎస్-6కు దేశం మొత్తం ఒక్కసారిగా మారింది. ఇంధనంలో గంధకం పది లక్షల వంతుల్లో 50 నుంచి 10కి దిగింది. చిన్న కార్ల డీజిలు ఇంజనుకు ఆ ప్రమాణాలు అందేలా సరంజామా బిగిస్తే ధర గిట్టదని తేలి, దేశంలో అందరికంటే ఎక్కువ కార్లు అమ్మే మారుతి డీజిలు కార్లనే మానేసింది. డీజిలు కారును నిషేధించండని ఎవరూ చట్టం చేయలేదు. ధరలోని అబద్ధం తీసేసి, ప్రమాణం గట్టిగా పెట్టేసరికి చిన్న డీజిలు కారు తనంతట తానే సెలవు తీసుకుంది. బావకు నచ్చే ఉదాహరణ ఇది, నాకూ నచ్చే ఉదాహరణ ఇదే. నార్వేలో చేసిందీ ఇంచుమించు ఇలాంటిదే. పెట్రోలు కారుకు భారీ పన్ను వేసి, కరెంటు కారుకు మినహాయింపులిస్తూ ఏళ్ల తరబడి నిలకడగా ఉంటే, 2024లో అక్కడ అమ్మిన పది కొత్త కార్లలో దాదాపు తొమ్మిది కరెంటువే అయ్యాయి. చమురు అమ్ముకుని బతికే దేశం అది.

ఇక మడి గట్టు మీద కాపలా ఎలా ఉంటుందో ఢిల్లీని చూస్తే తెలుస్తుంది. పదేళ్లు దాటిన డీజిలు బండ్లు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లు రాజధాని ప్రాంతంలో తిరగకూడదన్న జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశాలను 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. మా పెదనాన్నగారి అబ్బాయి అక్కడ ఉద్యోగం చేస్తూ, పట్టుమని డెబ్బై వేల కిలోమీటర్లు కూడా తిరగని డీజిలు కారును వయసు మీరిందన్న కారణంతో అడిగిన ధరకు ఒక దళారికి అప్పగించాడు. నిరభ్యంతర పత్రం తీసుకుని దాన్ని వేరే రాష్ట్రానికి తోలుకుపోయారు. ఏదో చిన్న పట్టణంలో అది ఇప్పటికీ పొగ వదులుతూనే ఉంటుంది. ఢిల్లీ పిల్లల ఊపిరికున్న విలువ ఆ పట్టణం పిల్లల ఊపిరికి ఎందుకు లేదో నాకు బోధపడదు. 2025 జూలై 1న బంకుల్లో కెమెరాలు పెట్టి, వయసు మీరిన బండ్లకు చమురు పోయకూడదన్నారు. గగ్గోలు పుట్టి, వారం తిరగకుండానే వెనక్కి తగ్గారు. ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా అలాంటి యజమానులపై బలవంతపు చర్యలు వద్దని చెప్పింది, డిసెంబరులో ఆ రక్షణను బీఎస్-4, ఆపై ప్రమాణాల బండ్లకే పరిమితం చేసింది. పొగను కొలవకుండా పుట్టిన తేదీని కొలిచే నియమానికి ఇంతకంటే మంచి గతి పట్టదు. పదిహేనేళ్లు నిండిన మనిషికీ పదిహేనేళ్ల బండికీ ఒకటే తేడా ఉంది, బండిని సరిగ్గా చూసుకుంటే దాని పొగ ఎలా ఉందో యంత్రం పెట్టి చెప్పవచ్చు.

ఆ యంత్రం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అది మా ఇంటి దగ్గరే ఉంది. మా వీధి నుంచి పెద్ద రోడ్డెక్కే చోట ఒక పాత వ్యానులో పొగ పరీక్ష కేంద్రం నడుస్తుంది. మాది బీఎస్-3 బండి కాబట్టి ఆరు నెలలకోసారి వెళతాను. అక్కడి కుర్రాడు సెల్‌ఫోనుతో నంబరు ప్లేటు ఫోటో తీసుకుంటాడు, డబ్బు తీసుకుంటాడు, కాగితం అచ్చు తీసి ఇస్తాడు. సైలెన్సరులోకి పెట్టవలసిన గొట్టం వ్యాను మూలలో చుట్టలు చుట్టి ఉంటుంది. దాని మీది దుమ్మును బట్టి చూస్తే కొన్ని ఉగాదులు చూసినట్టుంది. ఇంజను ఆపేయమని అతనే చెబుతాడు, చప్పుడుకు మాట వినపడదని. ఆ కాగితం లేకపోతే 2019 సవరణ ప్రకారం పదివేల రూపాయల దాకా జరిమానా ఉంది. ఉంటే చాలు, పొగ ఎంతైనా ఉండవచ్చు. ఇన్నేళ్లూ నేను నోరు మూసుకుని కాగితం తీసుకుని వచ్చేశాను. నాకది సౌకర్యంగానే ఉండింది మరి.

తూము దగ్గర పెట్టిన నియమాలన్నీ మంచివేనని నేను అనడం లేదు. నా వాదానికి ఎదురు నిలిచే ఉదాహరణ నా బండి టాంకులోనే ఉంది. పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యాన్ని మొదట 2030కి పెట్టుకుని, తర్వాత ముందుకు జరిపి, 2025 నాటికి సాధించారు. విదేశీ చమురు దిగుమతి తగ్గుతుంది, చెరకు, మొక్కజొన్న రైతుకు గిరాకీ పెరుగుతుంది అంటారు, రెండూ కాదనలేని మాటలే. అయితే లీటరుకు లీటరు చూస్తే ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలు కంటే సుమారు మూడో వంతు తక్కువ. ఇరవై శాతం కలిపిన పెట్రోలులో స్వచ్ఛమైన పెట్రోలుతో పోలిస్తే ఆరేడు శాతం శక్తి తక్కువన్నది కాగితం మీద చేయగలిగిన లెక్కే. బంకులో మాత్రం ధర తగ్గలేదు. పాత బండ్లలో కొన్ని రబ్బరు భాగాలు కొంతకాలానికి మార్చవలసి రావచ్చని ప్రభుత్వమే వివరణ ఇచ్చింది. ఇథనాల్ కలపని పెట్రోలు కూడా అమ్మాలన్న పిటిషనును 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు కొట్టేసింది.

మా మెకానిక్‌ది సూళ్లూరుపేట. జీఎన్‌టీ రోడ్డు మీద, ఆంధ్రా బస్సులు బయల్దేరే మాధవరం స్టాండుకు కాస్త ఇవతల, తాటాకు పందిరి కింద పదిహేనేళ్లుగా కొట్టు నడుపుతున్నాడు. పోయిన దసరాకు మా స్కూటరు కార్బురేటరు విప్పి అడుగు గిన్నెను తెల్లకాగితం మీద బోర్లించాడు. పెట్రోలు కింద గోధుమరంగు జిగురు లాంటిది, నాలుగైదు నీటి బొట్లు. బొట్టును వేలితో తోసి చూపిస్తూ, 'ఇది మునుపు వానాకాలంలోనే కనపడేది సార్, ఇప్పుడు ఎండాకాలంలో కూడా వస్తా ఉంది' అన్నాడు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, చెన్నై గాలిలో తేమకు కరువా! అయినా తన దగ్గరికి వచ్చే ప్రతి రోగాన్నీ అతను ఇథనాల్ ఖాతాలోనే రాస్తాడని నాకు తెలుసు. నా బండి విషయంలో తప్పంతా దానిదే కాదని తర్వాత తేలింది, అది చివర చెబుతాను. లీటరుకు 48 కిలోమీటర్లు ఇచ్చే బండి 45కు దిగిందన్నది మాత్రం నేను నోటుపుస్తకంలో రాసిపెట్టుకున్న లెక్క. నా ఫిర్యాదు ఇథనాల్ మీద కాదు. పాత పంపును ఐదేళ్లు పక్కనే ఉంచి కొత్త పెట్రోలును అలవాటు చేసినవాళ్లు, ఈసారి రెండో పంపు లేకుండా, బంకులో ఒక బోర్డైనా లేకుండా మార్చేశారు. 1995లో నాన్నకు కనిపించిన బోర్డు నాకు కనిపించలేదు.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. పెట్రోలు మీద పన్ను ఉండాలనే నా అభిప్రాయం. కానీ ఆ పన్ను దేనికోసమో చెప్పాలి. 2020లో కరోనా దెబ్బకు ముడిచమురు ధర కుప్పకూలినప్పుడు కేంద్రం లీటరు పెట్రోలు మీద మొదట మూడు, తర్వాత పది రూపాయలు సుంకం పెంచింది. 2021 నవంబరులో ఐదు, 2022 మేలో ఎనిమిది తగ్గించింది. మధ్యలో 2021 ఆగస్టులో తమిళనాడు తన పన్నులో మూడు రూపాయలు తగ్గించింది. ఈ పెంపుల్లో తగ్గింపుల్లో గాలి శుభ్రత అన్న మాట ఎక్కడా లేదు, ఖజానా అవసరం ఒకటే ఉంది. ఆ డబ్బులో కొంతైనా మా 64వ నంబరు లాంటి బస్సుల్లోకి వచ్చిందని చూపిస్తే, లీటరుకు ఇంకో రూపాయి ఇవ్వడానికి నాకు అభ్యంతరం ఉండదు.

రాత్రిపూట మా డాబా ఎక్కి తూర్పు వైపు చూస్తే మణలి చమురు శుద్ధి కర్మాగారం గొట్టం మీద మంట కనిపిస్తుంది. కొన్ని రాత్రులు దీపంలా, కొన్ని రాత్రులు కొలిమిలా. 1969లో అది నడక మొదలుపెట్టినప్పటి నుంచీ ఉత్తర చెన్నై ఆ వెలుగులోనే పెరిగింది. గాలి అటు నుంచి వీస్తే మా ఆవిడ ఆరేసిన బట్టలు తీసేస్తుంది. ఇంకాస్త ఉత్తరానికి వెళితే ఎన్నూరు, అత్తిపట్టు, వల్లూరు, అక్కడ బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రాలు. దక్షిణ చెన్నైలో ఉండే మా స్నేహితులు కరెంటు స్కూటరు కొని, మేము గాలిని పాడు చేయడం లేదని చెబుతుంటే నాకు ఆ పొగ గొట్టాలు గుర్తొస్తాయి. వాళ్లు చెప్పేది అబద్ధం కాదు. లెక్క వేశాను. నా బండి వంద కిలోమీటర్లకు రెండు లీటర్ల పైచిలుకు తాగుతుంది, లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వస్తుంది కాబట్టి ఐదు కిలోల దాకా అవుతుంది. కరెంటు స్కూటరుకు ఛార్జింగు నష్టాలతో కలిపి మూడున్నర యూనిట్లు పట్టిందనుకుంటే, బొగ్గు వాటా ఇంత ఎక్కువున్న మన విద్యుత్తుతో కూడా రెండున్నర కిలోలకు మించదు. సగానికి సగం లాభం. గాలిమరల విద్యుత్తులో దేశంలో ముందు వరుసలో ఉన్న తమిళనాడులో ఈ లాభం పెరిగేదే గానీ తగ్గేది కాదు. కానీ మిగిలిన సగం పొగ టీ.నగర్‌లో కాకుండా ఎన్నూరులో దిగుతుంది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వరదతో మణలి వైపు నుంచి కొట్టుకొచ్చిన చమురు ఎన్నూరు సముద్రపాయలో పడవలకూ వలలకూ అంటుకున్నప్పుడు, మత్స్యకారులు మగ్గులతో, డబ్బాలతో దాన్ని తోడిపోస్తుంటే నగరం టీవీలో చూసింది.

ఇక్కడే నాకు నిజంగా కోపం వస్తుంది. బొగ్గు విద్యుత్ కేంద్రాల గొట్టాల నుంచి వచ్చే గంధక వాయువును కడిగి వదిలే యంత్రాలు పెట్టుకోవాలని కేంద్ర పర్యావరణ శాఖ 2015 డిసెంబరులో ప్రమాణాలు ప్రకటించింది, రెండేళ్లు గడువిచ్చింది. ఆ గడువు జరిగింది, మళ్లీ జరిగింది, మళ్లీ జరిగింది. చివరికి 2025 జూలైలో దేశంలోని అలాంటి విద్యుత్ కేంద్రాల్లో నాలుగింట మూడు వంతులకు పైగా వాటికి ఈ యంత్రాలు అక్కర్లేదని మినహాయింపు ఇచ్చేశారు. మన బొగ్గులో గంధకం తక్కువని, ఖర్చు ఎక్కువని కారణాలు చెప్పారు. వాటిని పూర్తిగా తోసిపుచ్చను, ఆలోచించవలసినవే. కానీ నెలలు గమనించండి. 2025 జూలై 1న ఢిల్లీ బంకులో పదిహేనేళ్ల బజాజ్ బండివాడికి లీటరు పెట్రోలు పోయకూడదన్నారు, అదే నెల 11న పొగ గొట్టాలకు సెలవు ఇచ్చారు. వందల కోట్ల పెట్టుబడి ఉన్నవాడికి పదేళ్లు బతిమాలి గడువులిచ్చిన దేశంలో, కూరగాయల మూట కట్టుకునే బండివాడికి ఒక్క రోజు ఇవ్వరు. తూము తెరిచిపెట్టి మడి గట్టు మీద కర్ర పట్టుకుని నిలబడటమంటే ఇదే.

ఈ మాట ఫోనులో చెబితే బావ కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత, అయితే నువ్వు నా పక్షమేనన్నమాట, ప్రభుత్వాన్ని నమ్మలేమనే కదా అన్నారు. కాదు బావా, తూమును ఎవరో ఒకరు తిప్పాలి, దాన్ని తిప్పే చెయ్యి ఇంకెవరికీ లేదు, ఆ చెయ్యి సరైన చోట ఉండాలంటున్నాను అన్నాను. ఐరోపా సంఘం కూడా 2035 గడువును సడలించే ప్రతిపాదన 2025 డిసెంబరులో చేసిందని ఆయన గుర్తుచేశారు. చేసింది, నిజమే. కొత్త కార్ల నుంచి వచ్చే బొగ్గుపులుసు వాయువును నూరు శాతం తగ్గించాలన్నదాన్ని తొంభై అన్నారు. అయినా ఆ తొంభై లెక్క కార్లు తయారుచేసే కంపెనీలకే, కారు కొన్నవాడికి కాదని నేను గుర్తుచేశాను. మన దేశంలోనూ కంపెనీ అమ్మే కార్లన్నిటి సగటు బొగ్గుపులుసు వాయువుకు పరిమితి 2017-18 నుంచే ఉంది. కిలోమీటరుకు 130 గ్రాములతో మొదలై, 2022-23 నుంచి 113కు దిగింది. ఈ నియమం పేరు విన్న కారు యజమాని మా బంధువర్గంలో ఒక్కడూ లేడు. దానివల్ల ఎవరి ఇంట్లోనూ గొడవ జరగలేదు.

ఇంతా మాట్లాడాక నా బండి పొగ ఎంతో నాకే తెలియదన్నది నన్ను పొడుస్తూ ఉంది. పోయిన శనివారం మా వీధి మలుపు వ్యానుకు కాకుండా మూలకడై దాటి ఇంకో కేంద్రానికి వెళ్లాను. గొట్టం పెట్టి కొలవమని అడిగాను. అక్కడున్న పెద్దమనిషి నన్ను తనిఖీకి వచ్చిన అధికారి అనుకున్నాడో ఏమో, కుర్చీ వేశాడు. ఇంజను వేడెక్కే దాకా ఆగి, గొట్టం లోపలికి తోశాడు. తెర మీద అంకె ఎక్కుతూ పోయి కార్బన్ మోనాక్సైడు 4.2 శాతం దగ్గర నిలబడింది. నా బండికి పరిమితి 3.5. ఇన్నేళ్లూ నా సంచిలో ఉన్న కాగితాలన్నీ నా బండి నిక్షేపంగా ఉందని చెప్పినవే. ఇప్పుడేం చేయమంటారని ఆయన నన్నే అడిగాడు, కాగితం ఇచ్చేయనా అన్నట్టు. వద్దన్నాను.

నేరుగా సూళ్లూరుపేట మెకానిక్ దగ్గరికి పోయాను. ఇథనాల్ అని అతను మొదలుపెట్టబోతే, ముందు ఎయిర్ ఫిల్టరు చూడు బాబూ అన్నాను. నాలుగు మరలు విప్పి తీశాడు. కాఫీరంగు కాగితం మడతలు ఉండవలసిన చోట నల్లటి అట్ట ఉంది, చేత్తో తడితే జీఎన్‌టీ రోడ్డు మీద లారీలు లేపిన దుమ్మంతా రాలింది. గాలి అందక పెట్రోలు ఎక్కువ తాగి సగం మండిన పొగ వదులుతోంది బండి. ఫిల్టరు మార్చి, చోక్ తీగ పట్టేస్తుంటే సరిచేసి, మిశ్రమం మరను అరచుట్టు తిప్పాడు. మొత్తం మూడు వందల పది రూపాయలు. తిరిగి మూలకడై వెళ్లి గొట్టం పెట్టిస్తే 1.6 వచ్చింది. సాయంత్రం బావకు ఆ కాగితం ఫోటో పంపాను. తన కారుకు పొగ పరీక్ష ఈ నెల్లోనే ఉందని, అక్కడైతే పరీక్ష చేయకుండా కాగితం ఇవ్వరని జవాబు పెట్టారు.